రెండు చేతులకు రెండు గడియారాలు

పైఅంతస్తులో గడియారాల కౌంటర్ వెనక కుర్చీ లేదు. కొనడానికి వచ్చినవాళ్ల కోసం ముందువైపు మెత్తటి సోఫాలున్నాయి, వాళ్ల పిల్లలు దొర్లడానికి కూడా చోటుంది. అమ్మే మంజుల మాత్రం పొద్దున షట్టర్ లేచింది మొదలు మళ్లీ దిగేదాకా నిలబడే ఉండాలి. కరీంనగర్‌లో పేరున్న నగల దుకాణం అది. నగలు కింద, గడియారాలు పైన. కూర్చున్న మనిషి సరుకు అమ్మలేడని యజమాని నమ్మకం. ఆయన మాత్రం కూర్చునే ఇంతవాడయ్యాడు.

అన్ని గడియారాలున్న ఆ గదిలో టైం ఎంతయిందో ఎవరికీ తెలియదు. అద్దాల కింద వరసగా పెట్టినవన్నీ పదీ పది దగ్గర ఆగి ఉంటాయి. ముళ్లు అట్లా రెండువైపులా లేచి ఉంటే గడియారం నవ్వుతున్నట్టు కనిపిస్తుందట. గోడకు గడియారం పెట్టరు, కొనేవాళ్లకు ఇల్లు గుర్తొస్తుందని. పనివాళ్ల ఫోన్లు పొద్దున్నే డబ్బాలో వేసి తాళం పెడతారు. కొత్తలో మంజులకు ఊపిరాడనట్టుండేది. ఆమె పుట్టి పెరిగింది బెల్లంపల్లిలో. బొగ్గుబాయి సైరన్ మోగితే అన్నం తినేవాళ్లు తినేవాళ్లు, పనికి లేచేవాళ్లు లేచేవాళ్లు. బాపు పరశురాములు బతుకంతా బొగ్గు తవ్వాడు కాని ఏనాడూ చేతికి గడియారం కట్టలేదు. “మనకెందుకు బిడ్డ, కూత ఉన్నది గదా” అనేవాడు. తర్వాత బాయిలు ఒక్కొక్కటే మూతపడ్డాయి, కూతలూ తగ్గాయి. పని లేని ఊరికి టైంతో ఏం పని?

డిగ్రీ చదివి, కైలాసాన్ని చేసుకుని మంజుల కరీంనగర్ వచ్చింది. కైలాసం ఊరిబయట గ్రానైట్ పాలిష్ పట్టే కార్ఖానాలో పనిచేస్తాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి పిండిగిర్ని లోపలి నుంచి వచ్చిన మనిషిలా ఉంటాడు. దగ్గు మొదలై ఏడాది దాటింది. “దుమ్ముకు దగ్గొస్తది, దుమ్ము లేకుంటే ఆకలైతది” అని నవ్వుతాడు. ఆ నవ్వు చివర కూడా దగ్గే వస్తుంది. అందుకే ఇంట్లో మంజుల పని ఒక ఆసరా కాదు, అదే దూలం.

ఇప్పుడామెకు ఐదో నెల దాటింది. ఆ సంగతి దుకాణంలో ఎవరికీ తెలియదు. తెలిస్తే పని పోతుంది. కింద గొలుసుల కౌంటర్‌లో ఉండే సృజనకు కడుపు కనబడిన వారంలోనే ఇంటిదారి చూపించారు. తీసేశారని ఎవరూ అనలేదు, రెస్ట్ ఇచ్చామన్నారు. ఆ పిల్లకు బిడ్డ పుట్టి నడక నేర్చింది, రెస్ట్ ఇంకా అయిపోలేదు. కడుపుతో ఉన్న ఆడమనిషిని పనిలోంచి తీసెయ్యడానికి చట్టం ఒప్పుకోదు, జీతంతో సెలవు ఇవ్వాలంటుంది. చట్టం మంచిదే. అయితే దాన్ని అడగడానికి పోయే మనిషి చేతిలో తను ఇక్కడ పనిచేస్తున్నట్టు ఒక్క కాగితమన్నా ఉండాలి గదా. పైఅంతస్తు చూసుకునే మమతారాణి ఎప్పటినుంచో ఊరిస్తోంది. “దీపావళి గిరాకీ అయిపోనియ్యి మంజులా, పర్మనెంట్ చేపిస్తా. ఆర్డర్ కాయితం చేతికొస్తది.” దీపావళి నెలరోజుల్లో ఉంది. అందాకా నడుము నిలబడాలి, కడుపు కనబడొద్దు. మంజుల కోరిక అంతే.

యూనిఫాం కింద ఇచ్చిన నల్లకోటు కడుపును దాచింది. దాచలేనిది గాజుల్ని.

తల్లి రామవ్వ ఆదివారం నాడు బెల్లంపల్లి నుంచి బస్సెక్కి వచ్చి, కిరాయి గదిలో కూతుర్ని పీటమీద కూచోబెట్టి, రెండు చేతులకూ పచ్చగాజులు వేసింది. నడుమ ఒక్కొక్క ఎర్రగాజు. “కాన్పయ్యేదాక తియ్యకు బిడ్డ. పగిలితే ఇంకోటి ఏసుకో గని చేతులు బోసిగ ఉంచకు” అని మరీ మరీ చెప్పింది. పోయినసారి గాజులు వేయించుకునే నెల రాకముందే కడుపు పోయింది. ఆ బాధ రామవ్వ గొంతులో ఉంది.

గడియారాల కౌంటర్‌లో గాజులు నిషేధం, బంగారు పట్టీలకు గీతలు పడతాయని. “పనికాడ తీసి సంచిల ఏసుకోరాదా” అన్నాడు కైలాసం. గాజులకూ కడుపుకూ లంకె లేదని డిగ్రీ చదివిన మంజులకు తెలియదా? తెలుసు. అయినా ఒకసారి పోగొట్టుకున్న మనిషి, తెలిసినదాన్ని నమ్ముకుని రెండోసారి పందెం కాయదు. రోజూ పొద్దున గాజుల్ని మోచేతి దాకా నెట్టి, చప్పుడు కాకుండా కర్చీఫ్‌తో గట్టిగా చుట్టి, పైన కోటు చెయ్యి దించేది. సాయంత్రానికి ఆ కట్టు కింద చర్మం కమిలిపోయేది.

ఇట్లా నడుస్తుండగా ఒక మధ్యాహ్నం గ్రానైట్ వ్యాపారి ఓంప్రకాశ్, భార్య యాదవ్వతో కలిసి పైకొచ్చాడు. కైలాసం పనిచేసేది ఈయన కార్ఖానాలో కాదు. దుమ్ముకు మాత్రం యజమాని పేరుతో పనిలేదు. ఓంప్రకాశ్ ముందే ఫోన్ చేసి చెప్పినందుకు హైదరాబాద్ నుంచి రెండు స్విస్ గడియారాలు ప్రత్యేకంగా తెప్పించారు. ఒకటి రోలెక్స్ డేట్‌జస్ట్, ఇంకోటి ఒమేగా కాన్‌స్టెలేషన్. కోడలు దీపికకు శ్రీమంతం కానుక. మమతారాణి కాఫీ తెప్పించింది, దిండ్లు సర్దింది, ఏసీ పెంచింది.

మంజుల మఖ్మల్ పళ్లెంలో రెండింటినీ పక్కపక్కన పెట్టింది.

“చూడండి మేడం...”

“మేడం ఏందే? పెద్దమ్మ అను” అంది యాదవ్వ. పల్లెలో నాట్లేసిన చేతులవి, ఇప్పుడు వాటి నిండా బంగారమే. మాట మాత్రం మారలేదు.

“ఇది డేట్‌జస్ట్, పెద్దమ్మా. తేదీ మీద చిన్న భూతద్దం ఉంటుంది, అంకె పెద్దగా కనబడుతుంది.”

“నా అసోంటిదానికైతే అక్కెరకొస్తది. కోడలుకెందుకే? దాని కండ్లు మంచిగనే ఉన్నయి.”

“ఇది కాన్‌స్టెలేషన్. ఇటు రెండు అటు రెండు గోళ్లు పట్టుకున్నట్టు ఉంటాయి, అదే దీని గుర్తు. ఆరు పైన చిన్న చుక్క. ఫోన్ పక్కన పెట్టినా, అయస్కాంతం పక్కన పెట్టినా టైం తప్పదు.”

“పిల్లి గోర్లున్నట్టున్నయి” అని యాదవ్వ మురిసింది. “నాకు గిదే నచ్చింది. సన్నగ, సక్కగున్నది.”

ఓంప్రకాశ్ ఒప్పుకోలేదు. “రోలెక్స్ అంటే రోడ్డుమీద పోయేటోనికి గూడ ఎరుక. ఒమేగా అంటే నేను పక్కన నిలవడి చెప్పుకోవాలె. ఇంత పెట్టి కొన్నంక మళ్ల నోరు నొప్పి గూడ నాకేనా?”

“చెప్పుకునుటందుకే కొంటున్నవా మరి?”

“లేకుంటే టైం చూసుటందుకా? టైం ఫోన్ల గూడ ఉంటది.”

అందరూ నవ్వారు. కొనేవాడు నవ్వితే అమ్మే మనిషి నవ్వాలి, అదీ పనిలో భాగమే.

“బ్యాటరీ ఎన్నొద్దులొస్తది?” అని అడిగింది యాదవ్వ.

“ఈ రెండింటికీ బ్యాటరీ ఉండదు పెద్దమ్మా. చెయ్యి కదులుతుంటే దానంతటదే నడుస్తుంది. తీసి పక్కన పెడితే రెండు మూడు రోజులకు ఆగిపోతుంది.”

యాదవ్వ ముఖం మారింది. “అయ్యో, మా కోడలు మంచం దిగుతలేదు గదనే. మేమే దిగనిస్తలేం. గ్లాసెడు నీళ్లు గూడ అందిస్తున్నం. మరి ఆగిపోతది గదా?”

“గంతకెందుకు ఫికర్?” అన్నాడు ఓంప్రకాశ్. “పనిపిల్ల చేతికి కట్టి ఇల్లు ఊడిపిద్దాం. గడియారం నడుస్తది, ఇల్లు సాఫైతది.”

మమతారాణి గట్టిగా నవ్వింది. మంజుల కూడా నవ్వింది, కాని ఈసారి ఆ నవ్వు పెదాలు దాటి రాలేదు. నడుము నుంచి తొడల దాకా నరం గుంజుతోంది. ఎవరూ చూడకుండా ఒంటి బరువును ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంది. చూపించడానికని మమతారాణి ముందే టైం సరిచేసి పెట్టింది కాబట్టి పళ్లెంలో ఉన్న రెండు గడియారాలూ నడుస్తున్నాయి. ఎన్నాళ్లకో ఆ గదిలో ఆమెకు టైం కనిపించింది. అన్నం తినడానికి కిందికి పోవలసిన వేళ ఎప్పుడో దాటిపోయింది.

“ఎంత చూసినా పళ్లెంల ఒక్కతీరే కనవడుతున్నయి” అంది యాదవ్వ. “నువ్వు పెట్టుకొని చూపియ్యి బిడ్డ. మా కోడలు గూడ నీ అంతనే, గింత సన్నమే.”

మంజుల చేతులు వెనక్కి తీసుకుంది. “మా మేడం చేతికి పెడతాను పెద్దమ్మా.”

“ఆమెది లావు చెయ్యి. తీస్తందుకు సబ్బు పెట్టాలె.”

మమతారాణి నవ్వుతూనే కళ్లెర్రజేసింది. “పెట్టుకో మంజులా, ఆలస్యమెందుకు?”

మంజుల కోటు చేతుల్ని మణికట్టు దాటి వేలెడంత మాత్రమే పైకి లాగింది. ఎడమచేతికి రోలెక్స్, కుడిచేతికి ఒమేగా పెట్టుకుంది. తన ఇంటి బతుకును రెండింతలు చేసి తూచినా ఒక్కదానికీ సరిపోదు. చల్లగా, బరువుగా ఉన్నాయి రెండూ.

“పైకెత్తు బిడ్డ, ఎల్తుర్ల చూస్తా.”

ఎత్తింది. “ఇగ దించు.” దించింది.

కర్చీఫ్ ముడి అప్పటికే వదులైంది. ఎడమచేతి గాజులు కోటు లోపల గలగలమని జారి, మణికట్టు మీదికి దూకి, బంగారు పట్టీకి టంగున తగిలాయి. పచ్చగాజులు, నడుమ ఒక ఎర్రగాజు.

 యాదవ్వ చప్పట్లు చరిచినంత పనిచేసింది. “ఓ పిల్లా! గివి శ్రీమంతం గాజులు గదనే!”

“కాదు పెద్దమ్మా... పండక్కి వేసుకున్నవి...”

“నా కండ్లు గప్పుతవా? మొన్ననే నేను గిట్లాంటియే తెచ్చిన కోడలుకు. ఎన్నో నెల?” మంజుల చెయ్యి పట్టుకుని మమతారాణి వైపు తిరిగింది. “గింత మంచి ముచ్చట దాస్తరానే? నీళ్లు పోసుకున్న పిల్ల చేతికి ముందుగాల పెట్టిన గడియారం! ఇగ చూసుడు లేదు, ఏరుడు లేదు. ఏ చేతికి ముందు పెట్టినవ్ బిడ్డ? ఎడమ చేతికా? గదే ఇయ్యిండ్రి.”

భూతద్దమూ గెలవలేదు, పిల్లిగోళ్లూ ఓడలేదు. స్విట్జర్లాండ్ వాళ్లు ఎన్నేళ్లు తలలు బద్దలు కొట్టుకుని చేశారో, కరీంనగర్‌లో ఆ రెండింటి తగవు తీర్చినవి రామవ్వ వేసిన మట్టిగాజులు. ఓంప్రకాశ్ తన మాటే నెగ్గిందని సంతోషపడ్డాడు. యాదవ్వ పోతూ పోతూ మంజుల నెత్తిమీద చెయ్యిపెట్టి “కొడుకు పుట్టనీ, బిడ్డ పుట్టనీ, సల్లగ కానీ” అంది. నిజంగా, మనసారా అంది. అందులో వంక పెట్టడానికేం లేదు.

వాళ్లు మెట్లు దిగిన చప్పుడు ఆగాక మమతారాణి ముఖం నుంచి నవ్వు తీసేసింది.

“నాకన్న చెప్పొద్దా?”

“చెప్తే ఉంచుతుంటిరా మేడం?”

మమతారాణి కిందికి పోయి, యజమాని గదిలోంచి తిరిగొచ్చి, కౌంటర్ అద్దం తుడుస్తూ, మంజులను చూడకుండా మాట్లాడింది. “సార్ కెమెరాల చూసిండట. సేల్ మంచిగ చేసినవన్నడు. రేపటి నుంచి రెస్ట్ తీసుకొమ్మన్నడు.”

“దీపావళి దాక నిలవడుత మేడం. నాకేం కాలే, చూస్తున్నరు గదా.”

“పట్టీకి గాజులు తాకినయి. గీత పడితే ఎట్లుండు?”

“పడలే గదా.”

“పడలే. పడితే?”

“మరి నన్ను తీసేసినట్టు కాయితం రాసియ్యిండ్రి.”

“తీసేసినమని ఎవలన్నరే?” మమతారాణి గొంతు పెరిగింది, వెంటనే తగ్గింది. “రెస్ట్ అన్నం. నామీద కోపం పెట్టుకోకు. నాకు ఇద్దరు పిల్లలు. రెండు కాన్పులకు గూడ పని పోయింది. రెండుసార్లూ మొదటి నుంచి మొదలువెట్టిన.”

ఆ మాటతో ఆమె మీద మంజులకు కోపం పోలేదు. జాలి కూడా వచ్చి కలిసింది. రెండూ కలిస్తే నోట్లో చేదే మిగిలింది.

మర్నాడు కోటు ఉతికి, ఇస్త్రీ చేయించి, దుకాణంలో అప్పజెప్పడానికి పోయింది. ఇచ్చి తిరిగొస్తుంటే దుకాణం ముందు మెట్ల దగ్గర యాదవ్వ ఎదురైంది. పట్టీ కోడలుకు వదులైందట, దాంట్లోంచి రెండు కడ్డీలు తీయించడానికి వచ్చింది. కోటు లేని మంజులను, నిండుగా కనబడుతున్న పొట్టను, చేతుల గాజులను చూసి ముఖమంతా విప్పారింది.

“ఇప్పుడెంత మంచిగున్నవే! డ్యూటీ లేదా ఇయ్యాల?”

మంజుల దాచదలచుకోలేదు. ఇంక దాచడానికి ఏముంది? “పని పోయింది పెద్దమ్మ. మీరు గాజులు చూసి గట్టిగ అన్నరు గదా, సార్ చూసిండు. కడుపుతోటి ఉన్నోళ్లను ఉంచుకోరు ఈడ.”

యాదవ్వ నోటిమీద చెయ్యి పెట్టుకుంది. “అయ్యో, నేను మంచికే అన్న బిడ్డ!”

“నాకెరుకే. మీరు పాత గిరాకీ. మీరొక్క మాటంటే సార్ వింటడు. కాన్పు దాక వద్దు, దీపావళి దాక ఉంచుమనుండ్రి చాలు.”

యాదవ్వ కాసేపు ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. తర్వాత ఆమె ముఖం తేటపడింది, చిక్కుముడి విడిపోయినట్టు.

“ఒక లెక్కకు మంచిదే అయింది బిడ్డ. గీ టైంల ఎవలన్న పొద్దంత నిలవడుతరా? కాళ్లు వాయవా? ఇంటిపట్టున ఉండు. మంచిగ తిను, మంచిగ పండు. మా కోడలునైతే కదలనిస్తలేం.”

“మీ కోడలుకు అందిస్తందుకు మీరున్నరు పెద్దమ్మ. నేను పంటే మా ఇంట్ల పొయ్యి గూడ పంటది.”

యాదవ్వ ఆ మాట వినబడనట్టే మెట్టు మీద కాలు పెట్టింది. “శుక్రారం శ్రీమంతం, రా మరి. ముత్తైదువవు, అక్షింతలేసిపో” అని గబగబా మెట్లెక్కి, అద్దాల తలుపు తోసుకుని లోపలికి పోయింది.

మంజుల అక్కడే, తెల్లటి పాలరాతి మెట్టుమీద కూర్చుంది. నున్నగా, చల్లగా ఉంది ఆ రాయి. దాన్ని ఎవరు పాలిష్ పట్టారో, వాళ్లకు దగ్గుందో లేదో ఎవరికి తెలుసు. కాళ్లు చాపుకుంది. ఆ దుకాణంలో చేరినప్పటి నుంచి ఇన్ని రోజుల్లో కొనేవాళ్ల కంటపడేట్టు ఆమె కూర్చోవడం ఇదే మొదలు.

తలుపు కాడి వాచ్‌మన్ ఇబ్బందిగా దగ్గరికొచ్చాడు. “చెల్లె, గీడ కూసోవద్దు. గిరాకీలొచ్చే తొవ్వ. సార్ చూస్తే నన్నంటడు.”

మంజుల లేవలేదు.

“కూసోనీ అన్నా” అంది. “రెస్ట్ తీసుకొమ్మన్నది మీ సారే.”