కుర్చీలో కూర్చోబెట్టి తీసిన ఫోటోలు

నాకు పాత ఫోటోల పిచ్చి. నూరేళ్ళ కిందటి స్టూడియో ఫోటోలు ఎక్కడ కనబడ్డా వదలను. వాటిలోనూ నేను పనిగట్టుకుని వెతికేది ఒక్క రకమే: చనిపోయిన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, చుట్టూ ఇంటిల్లిపాదీ నిలబడి తీయించుకున్నవి. ఆ రోజుల్లో చాలామంది బతికుండగా ఒక్క ఫోటో కూడా దిగేవారు కాదు. మనిషి పోయాక పట్నానికి కబురు పంపితే, ఫోటోగ్రాఫరు మూడుకాళ్ళ కెమెరా వేసుకుని బండి మీద వచ్చేవాడు. శవం ఒరిగిపోకుండా నడుం దగ్గర పంచెతో కుర్చీకి కట్టేవారు. ఫోటో అచ్చయ్యాక మూసిన రెప్పల మీద సన్న కుంచెతో కళ్ళు గీసేవారు. నా దగ్గరున్న ఒకదాంట్లో ఆ గీసినవాడికి ఏం తొందరొచ్చిందో, పెద్దాయన ఒక కన్ను మనల్ని చూస్తుంది, రెండోది గుమ్మంకేసి చూస్తుంది. ఇంకో వింత ఏమిటంటే, కెమెరా చాలాసేపు తెరిచి ఉంచాల్సి వచ్చేది కాబట్టి బతికున్నవాళ్ళు కదిలి మసకబారిపోయేవారు. పోయినాయన మాత్రం గీత గీసినంత స్పష్టంగా ఉంటాడు.

అబుదాబి ఫ్లాట్‌లో ఆ ఆల్బమ్‌ను నా భార్య గదుల్లోకి రానివ్వదు. బాల్కనీలో వాషింగ్ మెషిన్ పైనున్న అరలోనే దానికి చోటు. నా తమ్ముడు ఊరి బయట ముసఫ్ఫా పారిశ్రామికవాడలో వెల్డరు. శుక్రవారం భోజనానికి వచ్చినప్పుడల్లా ఆ అర చూసి నన్ను ఆటపట్టించేవాడు.

"నీకు బతికున్నోళ్ల ఫోటోలు దొర్కుతలేవా అన్నా?"

2020 ఎండాకాలంలో కరోనా వచ్చి, వాడుండే లేబర్ క్యాంపుకు తాళం వేశారు. లోపలివాళ్ళు బయటికి రాకూడదు, బయటివాళ్ళు లోపలికి పోకూడదు. వాడికి జ్వరమొచ్చిందనీ, అంబులెన్సులో తీసుకెళ్ళారనీ వాడి గదిలో ఉండే అతను ఫోన్ చేసి చెప్పాడు. కొన్నాళ్ళు వాడి ఫోన్ ఎత్తేవాళ్ళు లేక మోగింది, తర్వాత మోగడం కూడా మానేసింది. వెంటిలేటర్ మీద ఉన్నాడన్న ఒక్క ముక్క కోసం రోజంతా ఆస్పత్రి నంబరు నొక్కుతూ కూర్చునేవాణ్ణి. ఒకరోజు వాళ్ళే చేసి రమ్మన్నారు. ఎందుకని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

అద్దం అవతల మాస్కు వేసుకున్న గుమాస్తా తన ఫోను తెర అద్దానికి ఆనించాడు. "దేఖో భాయ్. ఆప్ కా భాయీ హై?"

ముఖం ఉబ్బిపోయి ఉంది. మీసం గొరిగేశారు. ముక్కు పక్కన గొట్టం ఒరుసుకున్న మచ్చ. దవడ కింద నుంచి తల మీదికి తెల్లటి కట్టు. నా తమ్ముడే అనిపించింది. కాదేమో అని కూడా అనిపించింది. గుమాస్తా ఫోను తీసేశాడు. నేను అవునని సంతకం పెట్టాను.

కారు పార్కింగులో నిలబడి ఊరికి ఫోన్ చేసి చెప్పాను. తమ్ముడి భార్య, మా మరదలు, ఏడవలేదు.

"నేను నమ్మ బావా. మా అమ్మగారి ఊర్లె ఒకలకు పీనుగ పెట్టె వస్తే, తెరిసి సూస్తే వేరేటాయన ఉండె. నాకు ఆయన మొకం సూపియ్యి. అప్పటిదాంక బొట్టు తియ్య, గాజులు తియ్య."

మళ్ళీ ఆ అద్దం దగ్గరికి పరుగెత్తాను. ఆ ఒక్క ఫోటో నా ఫోనుకు పంపమని బతిమాలాను. "మమ్నూ భాయ్, పోలీస్ కేస్ హోతా," అన్నాడు గుమాస్తా. నిషేధమట, కుదరదంటే కుదరదు. వాళ్ళకు పేషెంట్లు వేలమంది కావచ్చు, నాకున్నది ఒక్క తమ్ముడు. ఆ మాటే గొంతు చించుకుని అరిచాను. సెక్యూరిటీ వచ్చి నన్ను భుజం పట్టుకుని బయటికి నడిపించాడు.

దహనం కూడా అక్కడే అన్నారు, ఊరికి పంపేది లేదన్నారు. శ్మశానం దగ్గర వ్యాను తలుపు తీశాక డ్రైవరు కాళ్ళమీద పడబోయాను, ఒక్క నిమిషం శవం సంచి జిప్పు తీయమని. అతను వెనక్కి జరిగి చేతులు జోడించాడు. "మేరే భీ బచ్చే హై భాయ్." తనకూ పిల్లలున్నారు, రోగం అంటుకుంటుందని భయం. కట్టేసిన తెల్ల సంచిని ఫోటో తీసి మరదలికి పంపాను.

"సంచి పంపినవ్ బావా. సంచిల ఎవ్వలన్న ఉండొచ్చు," అంది.

ఇన్నేళ్ళూ ఆ పాత ఫోటోలను వింత వస్తువుల్లా చూసి మురిసిపోయానే, అవి జ్ఞాపకానికి తీయించుకున్నవి కావని అప్పుడు తట్టింది. దూరాభారాన ఉండి కడచూపుకు అందని కూతురో కొడుకో నమ్మడానికి తీయించినవి. ఎద్దులబండి మీద వచ్చినవాడు తీయగలిగిన ఫోటో, చేతిలో ఫోను పెట్టుకుని నేను తీయలేకపోయాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆ సాయంత్రం మరదలే మళ్ళీ ఫోన్ చేసింది.

"నువ్వు సూసిన్నంటివి గద. జెప్పు, ఎట్లుండె? మీసం?"

"తీసేసిన్రమ్మా, గొట్టం పెట్టనీకి."



"నోరు?"

"మూసుకునే ఉండె. పండుకున్నట్టే ఉండె." కాస్త ఊరటగా ఉంటుందని అలా అన్నాను.

"పండుకుంటే ఆయన నోరు మూసుకునుడు నేనెన్నడు సూడలే. పిల్లలు నోట్ల ఏలు వెట్టి ఆడుకుంటుండిరి. అది ఆయన గాదు బావా." ఆమె గొంతులో అన్నాళ్ళుగా లేని హుషారు వినబడింది. "నువ్వు ఇంకో దవాఖాన్ల అడుగు. జల్ది పో."

నోరు మూసి ఉంచింది ఆ దవడ కట్టే అన్న సంగతి నోటిదాకా వచ్చింది. చెబితే, కట్టు లేకుండా చూశావా అని అడుగుతుంది. నేను చూడలేదు. సరేనమ్మా, అడుగుతాను అన్నాను.

ఆమె బొట్టు తీయలేదు. మా అమ్మ కోడలి మాటే పట్టుకుని దినాలు చేయనివ్వలేదు. వాడేనని సంతకం పెట్టింది నేను, బూడిద ముంత చేతుల్లోకి తీసుకుంది నేను. అయినా ఇప్పటికీ తెలియని నంబరు మోగితే మొదటి రింగుకే ఎత్తుతున్నాను.