బావ స్కూటు వేయని ఆట

మా అక్క సెల్‌ఫోను కొనుక్కున్నాక నాకు చేసిన మొదటి ఫోనే నన్ను అనకాపల్లి రైలెక్కించింది. "మీ బావకి కంటి ఆపరేషనయింది. ఓసారొచ్చి పలకరించి ఎల్లు. మాటాడితే మాటాడతారు, లేదంటే లేదు" అంది. ప్రకాశం బావ నాతో మాట్లాడి మూడేళ్లయింది. తప్పు నాదే.

శనివారం ఉదయం ఏడుంపావుకి సామర్లకోటలో ప్యాసింజరు ఎక్కాను. టికెట్టు చౌకే, సీటే గగనం. తునిలో ఇడ్లీ పొట్లం కొంటే చట్నీ నీళ్లలా ఉంది. వెళ్లేవాళ్లు సామర్లకోటలోనే తినేసి ఎక్కడం మేలు. తునిలో సీజన్ టికెట్ల ఉద్యోగులు నలుగురు ఎక్కి, మోకాళ్ల మీద తువ్వాలు పరిచి పేక తీశారు. పదమూడు ముక్కల రమ్మీ. నా ఎదురుగా ఉన్న కళ్లద్దాలాయన ముక్కలు అందుకున్నంతసేపు పట్టలేదు, బోర్లించి పక్కన పెట్టేశాడు. దాన్ని స్కూటు అంటారు. ఈ పంపకంలో నేను ఆడను, కొద్ది పాయింట్లతో తప్పుకుంటాను అని.

"అంత తొందరగా పడేశారేం?" అని అడిగాను.

"జోకరు లేదు, లైఫుకి దారి లేదు. ఇలాటి ముక్కలట్టుకుని కూకుంటే ఎనబై పడతాది బాబూ" అన్నాడు. జోకరు సాయం లేకుండా వరసగా కుదిరిన మూడు ముక్కలే లైఫు. అది లేకుండా ఎదుటివాడు ముక్కలన్నీ కలిపి షో చేస్తే చేతిలో ఉన్నదంతా మన నెత్తిన పడుతుంది.

నాకు స్కూటు వేయడం చేతకాదు. ఎంత చెత్త వచ్చినా ఏదో ఒకటి కలవకపోతుందా అని కూర్చుంటాను. బావ అలా కాదు. బెల్లం మార్కెట్లో ముప్ఫై ఏళ్లు గుమస్తాగా చేసినవాడు. దిమ్మని గోటితో గీరి, నాలిక మీద వేసుకుని, క్షణంలో రకం చెప్పేసేవాడు. ముక్కల దగ్గరా అదే వరస. పది పంపకాల్లో ఏడు బోర్లించేస్తాడు.

మూడేళ్ల కిందట వాళ్లింట్లో నలుగురం ఆడుతున్నాం. నేను వరసగా ఓడిపోయి ఉడికిపోతున్నాను. బావ స్కూటు వేశాడు. ఏం బుద్ధి పుట్టిందో, ఆయన బోర్లించిన ముక్కల్ని తిప్పేశాను. పడేసిన ముక్కల్ని ఎవరూ తిప్పి చూడరు. అది పేకలో మర్యాద. చూస్తే లైఫు సిద్ధంగా ఉంది, పైన రెండు జోకర్లు. "నా మీద జాలిపడి పడేశారా?" అని ఆయన స్నేహితుల ముందే అరిచాను. వాళ్లు నవ్వారు. బావ పేక సర్దుకుని లోపలికి వెళ్లిపోయాడు.

పదీ ఇరవైకి అనకాపల్లిలో దిగాను. షేరాటో అక్కావాళ్లుండే గవరపాలెం దాకా బెల్లం లారీల వెనకే నత్తనడక నడిచింది. సీజను కదా, ఆ వాసనకి ఆకలి రెట్టింపయింది. బావ నల్లద్దాలు పెట్టుకుని కుర్చీలో ఉన్నాడు. నన్ను చూసి తల ఊపాడు, అంతే. అక్క వంజరం చేపల పులుసు వండింది. బావ తిన్నంతసేపూ అక్కతోనే మాట్లాడాడు.

నాలుగున్నరకి ఆయనే పేక తెచ్చి బల్ల మీద పెట్టాడు. నా ప్రాణం కాస్త కుదుటపడింది. పంచాడు, నల్లద్దాలు పైకెత్తి చూసుకున్నాడు, బోర్లించేశాడు. ఇద్దరి ఆటలో ఒకరు స్కూటు వేస్తే ఇక ఆట లేదు. మళ్లీ పంచాడు, మళ్లీ బోర్లించాడు. అలా ఆరుసార్లు. నిజంగానే చెత్త ముక్కలా, లేక నాతో ఆడటం ఇష్టం లేదా? ముక్కలు నా చేతికి జానెడు దూరంలో ఉన్నాయి. తిప్పితే తెలిసిపోతుంది. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

అయిదు దాటింది. అయిదున్నరకి నా రైలు. "ఇదే ఆఖరిది బావా, నేను వెళ్లాలి" అన్నాను.

పంచాడు. చాలాసేపు చూసుకున్నాడు. ఇదీ బోర్లిస్తాడనుకున్నాను. పేకలోంచి ముక్క తీశాడు.

మంచి ముక్కలే పడినట్టున్నాయనుకున్నాను. ప్రతి ముక్కా కంటి దగ్గరికి తెచ్చుకుని, కలిపి, విడదీసి, మెల్లగా ఆడుతున్నాడు. రెండుసార్లు గడియారం చూశాను గాని లేవబుద్ధి కాలేదు. నేను షో చేసేసరికి స్టేషను వైపు నుంచి కూత వినిపించింది.

"అదే నీ రైలు" అంది అక్క.

బావ ముక్కలు పరిచాడు. లైఫు లేదు, జోకరు లేదు, రెండు ముక్కలు కలిసిన పాపాన పోలేదు. పూర్తి ఎనభై.

"ఇలాంటి వాటితో ఎందుకు ఆడారు బావా?"

"స్కూటేసేత్తే నువ్వు లేసి ఎల్లిపోతావు కదేటి" అన్నాడు.

మూడేళ్లలో నాతో అన్న మొదటి మాట అది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ రోజు తప్పయిపోయిందని ఏదో చెప్పబోయాను. ఆయన పేక కలిపి నా ముందు పెట్టి, "కట్ సెయ్యి" అన్నాడు.

ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక పన్నెండున్నరకి రైలెక్కాను. సంచిలో అక్క కట్టిచ్చిన బెల్లం ఉంది. అనకాపల్లిలో చుట్టాల్ని చూడబోయేవాళ్లు తిరుగు రైలు మర్నాటికి పెట్టుకోవడం మంచిది. ఎలమంచిలి దాటాక ఎదురు సీట్లలోని పెళ్లివారు పేక తీసి నన్నూ పిలిచారు. ముక్కలు చూసుకున్నాను. జోకరు లేదు, లైఫుకి దారి లేదు. నా జన్మలో మొదటిసారి బోర్లించాను.

"ఏటి పడేసేరో సూద్దాం" అంటూ పక్కాయన చెయ్యి చాపాడు.

నేను ముక్కల మీద అరచెయ్యి ఆనించాను. "వద్దండీ" అన్నాను.