తాతకు హాజర్ ఎవరు చెప్పారు?

దయ్యాలు, ఆత్మలు అంటే నవ్వేవాణ్ణి. విమానాశ్రయంలో సామాన్ల బెల్టులు బాగుచేసే ఇంజనీరును. చప్పుడు వస్తే మోటారు చూస్తాను, బేరింగు చూస్తాను, బోల్టు చూస్తాను. కారణం దొరకని చప్పుడు నా ఉద్యోగంలో ఇంతవరకూ లేదు. ఇది రాస్తున్నది భయంతో కాదు, కోపంతో.

నేను చదివింది నగరంలోని పాత యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీలో. పేరు రాయను. ఆనకట్టలు కట్టిన చీఫ్ ఇంజనీర్లు, ఇద్దరు మంత్రులు, ఒక రాకెట్ శాస్త్రవేత్త అక్కడివాళ్లే. అక్కడ చదివానంటే పెళ్లిచూపుల్లో కూడా ఇంకో ప్రశ్న అడగరు.

మా తాత యాదయ్య కూడా అక్కడివాడే. విద్యార్థి కాదు, వర్క్‌షాప్‌లో ఫిట్టర్. తొండుపల్లి నుంచి బస్సులో వెళ్లి, ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు ఆకురాయితో ఇనుము రుద్దడం నేర్పాడు. ఆ చీఫ్ ఇంజనీర్ల చేతులకు మొదటి బొబ్బలు వచ్చింది ఆయన దగ్గరే.

ఆయనకొక పద్ధతి ఉండేది. క్లాసు మొదలవగానే దాగలి అనే ఇనుప దిమ్మె మీద సుత్తితో మూడు దెబ్బలు కొట్టేవాడు. రెండు వెంటవెంటనే, మూడోది కాస్త ఆగి. మూడోది పడేసరికి అందరూ లేచి నిలబడాలి. అప్పుడు పేర్లు పిలిచేవాడు. పిల్లలు 'హాజర్' అనాలి.

పూర్వ విద్యార్థుల సమ్మేళనాల్లో ఇప్పటికీ ఆ పిలుపు ఉంది. చనిపోయినవాళ్ల పేరు పిలిస్తే వాళ్ల బ్యాచ్‌వాళ్లు 'హాజర్' అంటారు.

ఈసారి సమ్మేళనం శంషాబాద్‌లో, ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. విమానం దిగి వచ్చే పెద్దలకు దగ్గరని. నేను ఇక్కడివాణ్ణి కాబట్టి మైకులు, కుర్చీలు, వీడియో, చనిపోయిన ప్రముఖుల జాబితా అన్నీ నా మీదే పడ్డాయి. జాబితా చదవాల్సిందీ నేనే. చివర తాత పేరు చేర్చాను. ఆయన పోయి ఏడేళ్లయింది. అవ్వకు ముందే చెప్పాను.

"నిజంగనే సదువుతవారా? గంత పెద్దోళ్ల నడుమ?" అని అడిగింది.

"సదువుత అవ్వా. నీ చెవులతోని నువ్వే ఇంటవు."

దాచుకున్న పట్టుచీర కట్టుకొని వచ్చి మూడో వరసలో కూర్చుంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక, చదవడానికి పావుగంట ముందు, కమిటీ అధ్యక్షుడు కాగితం అడిగాడు. ఆయన రిటైరైన చీఫ్ ఇంజనీరు.

"ఈ యాదయ్య ఎవరు బాబూ?"

"మా తాత సార్. వర్క్‌షాప్‌లో మీకు కూడా నేర్పారు."

"ఆ, ఆ... గుర్తున్నాడు. మంచివాడు పాపం. కానీ ఇది ప్రముఖుల జాబితా కదా. అయినా ఆయనది ఏ బ్యాచ్ చెప్పు? పేరు పిలిస్తే హాజర్ ఎవరు చెప్తారు?"

పక్కనున్న ఇద్దరు నవ్వారు. ఆయన పెన్ను తీసి పేరు మీద గీత కొట్టాడు.

నేను "సరే సార్" అన్నాను. ఆయన మీద కోపం తర్వాత. ఆ రెండు మాటలు అన్నందుకు నా మీద నాకున్న కోపం ఇంకా తగ్గలేదు.

వేదికెక్కి చదివాను. ఒక్కో పేరుకు హాల్లో ఏదో ఒక మూల నుంచి 'హాజర్' వచ్చింది. చివరి పేరు చదివి కాగితం మడిచాను. మూడో వరస వైపు చూడలేదు.

అప్పుడు వినిపించింది. ఇనుము మీద ఇనుము. రెండు దెబ్బలు. కాస్త ఆగి, మూడోది.

ముందు వరసల్లోని పెద్దవాళ్లంతా లేచి నిలబడ్డారు. చేతికర్రల మీద నడిచేవాళ్లు కూడా. ఎందుకు లేచారో తెలియనట్టు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తాత రిటైరయ్యాక చదివిన మా వయసువాళ్లం మాత్రం కదలలేదు.

అవ్వ గొంతు వేదిక దాకా వచ్చింది.

"ఏందిరా, నువ్వు పిలువకముందే పలికిండు! ఇగనన్న పిలువు."

పేరు కొట్టేశారని ఆమెకు తెలియదు. నేను కాగితం విప్పలేదు. మైకులో "యాదయ్య, ఫిట్టర్" అన్నాను. వెనక ఎవరో 'హాజర్' అన్నారు. తర్వాత చాలామంది అన్నారు.

ఆ సాయంత్రమే వెతకడం మొదలుపెట్టాను. ఏసీ యంత్రం పైకప్పు మీద ఉంది, దాని బోల్టులన్నీ గట్టిగానే ఉన్నాయి. జనరేటర్ ఆ పూట నడవలేదు. వంటవాళ్లు అప్పటికే గిన్నెలు సర్దుకొని వెళ్లిపోయారు. చుట్టుపక్కల ఎక్కడా కట్టడం పని జరగడం లేదు. తాత సుత్తి ఇంట్లో సందూకులోనే ఉంది, తాళంచెవి అవ్వ కొంగున ఉంది.

వీడియోలో చప్పుడు ఉంది. నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది అదే. వేదిక మీద ఒక మైకు, హాలు చివర కెమెరా దగ్గర ఇంకొకటి, రెండూ విడివిడిగా రికార్డు చేశాయి. నా గొంతు ఒకదానిలో దగ్గరగా, ఇంకొకదానిలో దూరంగా ఉంది. అలాగే ఉండాలి కూడా. ఆ మూడు దెబ్బలు మాత్రం రెండింటిలోనూ ఒకే సమయంలో, ఒకే మోతాదులో ఉన్నాయి. ఎన్నిసార్లు కొలిచినా అంతే. అలా ఎలా కుదురుతుందో నాకు తెలియదు.

పోయిన వారం సావనీరు అచ్చయి వచ్చింది. ప్రముఖులు అందరూ ఉన్నారు. తాత పేరు లేదు. అధ్యక్షుడికి ఫోన్ చేశాను.

"అది ఏసీ పైపు చప్పుడు బాబూ. దాన్ని పట్టుకుని సాగదీయకు" అన్నాడు.

ఫోన్ పెట్టేసి వీడియో మళ్లీ వేశాను. ఈసారి ముందు వరసనే చూశాను. రెండో దెబ్బకు ఇంకా ఎవరూ కదల్లేదు. అధ్యక్షుడొక్కడే కుర్చీ చేతుల మీద బరువు వేసి లేస్తున్నాడు. మూడోది పడేసరికి నిటారుగా, చేతులు రెండూ పక్కలకు ఆనించి నిలబడి ఉన్నాడు.