వెచ్చటి ఇంజను

బోట్ల సీట్లు కుట్టే టైలరమ్మ, పాత స్పీడుబోటు ఏది అమ్మకానికొచ్చినా రంగు చూడదు. చెప్పులు విప్పి ఎక్కి, పుచ్చకాయను తట్టినట్టు అడుగుచెక్కలను తట్టి, తల వంచి ఆ చప్పుడు వింటుంది. ఈసారి ఇంజను మీద చెయ్యి వేసి ఆగిపోయింది. అది వెచ్చగా ఉంది. చల్లగా ఉంటే మొరాయిస్తుందని, అమ్మేవాడు ఆమె రాకముందే నడిపి ఉంచాడు.

"చల్లారనీ బాబూ," అని అక్కడే చతికిలబడింది.

"ఈ వయసులో నీకెందుకు వదినా, పద," అంది వెంట వచ్చిన ఆడపడుచు.

"ఇన్నాళ్లూ ఊరందరికీ సీట్లు కుట్టాను. ఇక కూర్చుంటాను."

మధ్యాహ్నం దాటాక తాళం తిప్పింది. ఇంజను దగ్గి, నల్లటి పొగ కక్కి, చివరికి అందుకుంది. అమ్మేవాడు తల దించుకున్నాడు.

"కొంటాను. అబద్ధమాడింది నువ్వు, ఇది కాదు."