బందరు దాకా బ్యాటరీ మీదే

సుచిత్ర స్కూటరుకి రెండు ప్రాణాలు. ఒకటి పాత పెట్రోలు ఇంజను. రెండోది బందరులో పున్నారావు అనే మెకానిక్ ముందు చక్రానికి బిగించిన మోటారు, కాళ్ల దగ్గర దాని బ్యాటరీ. రాత్రి ఇంట్లో ప్లగ్గు పెట్టుకోవాలి. దారిలో ఛార్జింగ్ అయిపోతే హ్యాండిల్ మీద మీట నొక్కి పెట్రోలు మీద వెళ్లిపోవచ్చు. ఇంకొకరైతే హాయిగా అలాగే వెళ్లిపోతారు. సుచిత్రకి ఆ భాగ్యం లేదు.

ఆమె కూతురు షారోన్‌కి ఇంజను చప్పుడు పడదు. పడదంటే చెవులు మూసుకుని ఊరుకోవడం కాదండీ. ఆరేళ్ల పిల్ల, నోట ఒక్క మాట రాదు, తనెక్కిన బండి ఇంజను మోగిందంటే తన చెయ్యి తనే రక్తం వచ్చేలా కొరుక్కుంటుంది. బస్సెక్కించి చూశారు, ఆటో ఎక్కించి చూశారు. ఆటోలోంచి చల్లపల్లి సెంటర్లో దూకేసింది, కణత మీద కుట్లు పడ్డాయి. ఆ తర్వాతే భర్త బెన్నీ, నాగాయలంక రొయ్యల చెరువుల మీద పనిచేసేవాడు, పున్నారావు కాళ్లావేళ్లా పడి ఈ మోటారు పెట్టించాడు. నడిచినంతసేపూ అది సన్నగా మూలుగుతుంది, అంతే. షారోన్ దాని మీద ముందు నిలబడి మహారాణిలా వెళ్తుంది.

అవనిగడ్డ నుంచి బందరుకి వారానికి రెండుసార్లు వెళ్లాలి. మాటలు నేర్పే సెంటరు అక్కడే ఉంది మరి. అక్కడ షారోన్‌ని చూసే హారిక మొదట్లోనే చెప్పింది: "మనం చేసింది చూసి తను ఒక్కటి తిరిగి చెయ్యాలండీ. ఒక్క శబ్దమైనా చాలు. అక్కణ్ణుంచి మాటలకి దారి పడుతుంది." ఏడాది తిరిగింది. ఆ ఒక్కటీ రాలేదు. పైగా సెంటరు ముందు పిల్లల క్యూ చేంతాడంత. వేళకి రాకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తామని ఆఫీసువాళ్లు ఓసారి గట్టిగానే చెప్పారు.

ఇంతలో బ్యాటరీ ముసలిదైంది. కొత్తలో బందరు చేరాక కూడా ఛార్జింగ్ ఇంకా మిగిలేది, తిరుగు ప్రయాణానికి సెంటర్లోనే ప్లగ్గు పెట్టుకునేది. ఇప్పుడు ఊరు కనబడుతుండగా నీరసపడుతోంది. కొత్తది వేయించే స్తోమత ఉంటే ఈ కథే ఉండేది కాదు. దాంతో సుచిత్ర పడ్డ పాట్లు పగవాళ్లకి కూడా వద్దు. టైర్లలో గాలి గట్టిగా కొట్టించేది. యాక్సిలేటర్ని పసిపిల్ల ముక్కు తుడిచినంత మెల్లగా తిప్పేది. బ్రేకు వేస్తే పోయిన వేగం మళ్లీ బ్యాటరీయే తెచ్చుకోవాలి కదా, అందుకని అడ్డొచ్చే గేదెల్ని దూరం నుంచే చూసుకుని ముందుగానే నెమ్మదించేది. సీటు కింద పనిముట్లు తీసేసింది, స్టెప్నీ తీసేసింది, మంచినీళ్ల సీసా కూడా మానేసింది. సముద్రపు గాలి ఎదురు తగలకముందే బయల్దేరేది. పులిగడ్డ వంతెన దగ్గర దిగి, పిల్లని బండి మీదే ఉంచి ఎత్తు ఎక్కేదాకా తోసేది. "పెట్రోలు కొట్టించుకోవమ్మా" అని నవ్వుకుంటూ పోయేవాళ్లు. ఉచిత సలహాలకేం, దారి పొడుగునా దొరుకుతాయి. దాహమంటే చెంబుడు నీళ్లు నవ్వుతూ ఇచ్చే మన జనం, ప్లగ్గు అడిగితే మాత్రం ముందు మీటరు వంక చూస్తారు.

ఓ సెంటరు రోజున, బ్యాటరీ ఇంకా నిండకముందే తెల్లవారుజామున కరెంటు పోయింది. మళ్లీ వచ్చి బ్యాటరీ కాస్త నిండేసరికి పొద్దెక్కిపోయింది. చల్లపల్లి దాటాక ఎదురుగాలి మొదలైంది. గోరుచుట్టు మీద రోకటిపోటు. బందరు పొలిమేరలో, ఇంకాస్త దూరం ఉందనగా బండి ఆగిపోయింది.

సుచిత్ర టైము చూసుకుంది. తోసుకుంటూ వెళ్తే వేళ దాటిపోతుంది, సీటు పోతుంది. ఇంజను మీదైతే క్షణాల్లో చేరిపోవచ్చు. క్షణాలేగా, తట్టుకుంటుందిలే అనుకుంది. పాపిష్టి వేలు మీట నొక్కింది. ఇంజను దడదడమందో లేదో షారోన్ కేక పెట్టి మణికట్టు కొరికేసుకుంది. సుచిత్ర ఇంజను ఆపి పిల్లని గుండెకి అదుముకుని, రోడ్డు పక్కనే కూలబడి ఏడ్చింది. ఏ తల్లయినా బిడ్డకి ఇలా చేస్తుందా అని తనని తానే తిట్టుకుంది. తర్వాత కళ్లు తుడుచుకుని, పిల్లని బండెక్కించి తోయడం మొదలుపెట్టింది.

కొంత దూరం వెళ్లాక ఏదో మూలుగు వినబడింది. పిల్ల ఏడుస్తోందేమోనని ఆగింది. మూలుగూ ఆగింది. తోసింది. మళ్లీ మొదలైంది. షారోన్ హ్యాండిల్‌కి చెంప ఆనించి, పెదాలు బిగించి "ఊఁ..." అంటోంది. అచ్చం మోటారులా. ఆగిపోయిన బండికి ఆ పిల్ల తన గొంతు పెడుతోంది! సుచిత్ర బండిని మళ్లీ తోసింది. ఇంక ఎండ తెలియలేదు, కాళ్లు తెలియలేదు, పరుగే.

అయినా సెంటరు చేరేసరికి వేళ దాటిపోయింది. ఆఫీసులో అమ్మాయి, షారోన్ పేరు తీసేస్తున్నామని మెల్లగానే చెప్పింది. పిల్ల శబ్దం చేసిందని సుచిత్ర ఆయాసంతో చెప్తే, ఏదీ చేయించండి అంది. పిల్ల శబ్దం చేసిందన్న మాట అక్కడ రోజూ ఎవరో ఒక తల్లి నోట వినేదే. షారోన్ ఫ్యాను వంక చూస్తూ నిలబడింది. బతిమాలినా, గడ్డం పట్టుకున్నా, తనే "ఊఁ" అని చూపించినా ఉలుకూ పలుకూ లేదు. సీటు కోసం కాచుకున్న తల్లులు జాలిగా తలలు తిప్పుకున్నారు. సుచిత్ర గొంతు విని లోపలి గదిలోంచి హారిక వచ్చి నిలబడింది.

"మేడమ్, ఒక్కసారి బయటికి రండి. నా బండి దగ్గరికి రండి," అంది సుచిత్ర.

ఎండలో, ఆవరణలో, షారోన్‌ని ఎక్కించి ఆ చచ్చిన బండిని తోసింది. ఒక చుట్టు. ఏమీ లేదు. ఇంకో చుట్టు. ఏమీ లేదు. వాచ్‌మన్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. నవ్వితే నవ్వనీ అనుకుంది, కళ్లు మసకబారుతుంటే పళ్లబిగువున మళ్లీ తోసింది. అప్పుడు పిల్ల చెంప మెల్లగా హ్యాండిల్ మీదికి వంగింది.

"ఊఁ..."

సుచిత్ర ఆగింది. శబ్దం ఆగింది. తోసింది. "ఊఁ..."

హారిక మెట్లు దిగి పరిగెత్తుకొచ్చింది. పేరు తియ్యొద్దని వెనక్కి తిరిగి ఆఫీసు అమ్మాయికి చెప్పి, బండి వెనక చెయ్యి వేసింది.

"ఆపకండి, సుచిత్ర గారూ," అంది, తనూ తోస్తూ.