జీడి గుర్తు ఉన్న స్కాటిష్ టోపీ

మొన్న శనివారం మా అమ్మాయి చారిటీ షాపు నుంచి నడినెత్తిన కుచ్చు ఉన్న ఖాకీ ఉన్ని టోపీ ఒకటి పట్టుకొచ్చి, "డాడ్, ఇది రియలా, ఫేకా?" అని అడిగింది. నేను వెంటనే టోపీని తిరగేసి లోపలి అస్తరు వెతకడం మొదలుపెట్టాను. "బ్యాడ్జి ఇటుంది డాడ్!" అని విసుక్కుంది. లోకంలో టోపీ తెలిసినవాళ్లంతా ముందు బ్యాడ్జే చూస్తారు. నాకే ఈ వంకర అలవాటు. 2009లో లీడ్స్‌లో అంటుకుంది, ఇంకా వదల్లేదు.

అప్పుడు నేను మాస్టర్స్ చదువుతూ, ఒక స్కాటిష్ పెద్దావిడ ఇంట్లో పై గది అద్దెకు తీసుకుని ఉండేవాణ్ణి. మన అలవాటు కొద్దీ మొదటిరోజే ఆంటీ అని పిలిస్తే, "నేను నీకు ఎటువైపు చుట్టాన్నో చెప్పు బాబూ" అంది. ఆ తర్వాత వేరేలా పిలిస్తే ఒప్పుకునేది కాదు. ఆ ఇంట్లో ఎప్పుడూ మాడిన టోస్టు వాసన, తడిసిన కోట్ల వాసన కలిసి ఉండేవి. వీధి తలుపు పక్కన కోట్ల కొక్కేలుండేవి, అన్నిటికన్నా పై కొక్కానికి ఒక టోపీ. పడవలా మడిచేది కాదు, గుండ్రంగా ఒక పక్కకు వాలే రకం. బానెట్ అనేది ఆంటీ. ఆవిడ తల్లి కడుపులో ఉండగానే వాళ్ల నాన్న పటాలంతో ఇండియా వెళ్లాడు, యుద్ధం నుంచి తిరిగి రాలేదు, టోపీ ఒక్కటే వచ్చింది. ఆయనవని చెప్పుకోవడానికి ఆ ఇంట్లో టోపీ తప్ప ఇంకేమీ లేదు, చివరికి ఫొటో కూడా. బయటికి వెళ్లేటప్పుడు ఆవిడ దాన్ని ఒకసారి తాకి వెళ్లేది.

ఒక ఆదివారం పక్క ఊళ్లో పాత మిలటరీ సామాన్ల సంత జరిగితే, టోపీ వయసు తెలుసుకుందామని నన్ను తోడు తీసుకెళ్లింది. అక్కడొక టోపీల ఆసామి, భూతద్దం పెట్టుకుని బ్యాడ్జి మీది కిరీటం చూశాడు. రాజుల కాలపు బ్యాడ్జి అయితే కిరీటం పైభాగం గుండ్రంగా ఉబ్బి ఉంటుందట, యుద్ధం తర్వాత రాణి గద్దెక్కాక చేసినవాటికి నడుమ నొక్కినట్టు ఉంటుందట. దీనిది నొక్కినట్టే ఉంది. "క్షమించాలమ్మా, ఇది యుద్ధం అయిపోయిన చాలా ఏళ్లకు వచ్చింది. మీ నాన్నగారిది అయ్యే అవకాశం లేదు" అన్నాడు మర్యాదగా. మన భాషలో టోపీ పెట్టడమంటే మోసం చేయడమని ఆంటీకి తెలియదు గానీ, ఆవిడ ముఖం మాత్రం డెబ్బై ఏళ్లుగా ఎవరో టోపీ పెట్టినట్టే అయిపోయింది. మర్నాడు చారిటీ షాపుకిచ్చే సంచీ నా చేతికిచ్చింది. పాత స్వెట్టర్ల మీద టోపీ ఉంది.

బస్‌స్టాపులో నిలబడి ఊరికే దాన్ని తిరగేశాను. అస్తరు మీద, చెమట పట్టీకి ఆనుకుని, రెండు గీతలు, మూడు చుక్కలు. నల్లగా, అంచున గోధుమరంగు తిరిగి. అది నాకు తెలిసిన రాత. అక్కడి నుంచే ఇంటికి ఫోన్ చేశాను. మా నాన్న అంతా విని, "ఒరేయ్, అది జీడి గుర్తేరా! నల్లజీడి గింజ పొడిచి, ఆ రసంతో పెట్టి, పైన సున్నం అద్దుతారు. ఎన్ని ఉతుకులుతికినా పోదు. మీ తాత వేళ్లు చూళ్లేదేటి నువ్వు, ఆ రసం తగిలి కొసలన్నీ బొబ్బలే కదా. ఎవరి బట్టలు ఎవరివో తెలీడానికి మనోళ్లే పెడతార్రా అది. తెల్లోళ్లకెక్కడిదీ!" అన్నాడు.

సంచీతో వెనక్కి పరిగెత్తాను. బ్యాడ్జి తీసి చూస్తే కింద రెండు జతల రంధ్రాలున్నాయి, ఒకటి ఈ బ్యాడ్జిది, ఇంకోటి అంతకుముందున్నదానిది. "ఆంటీ, బ్యాడ్జి తర్వాత ఎవరో మార్చారు. టోపీ మాత్రం ఇండియాలో ఉతికిందే. ఇది చాకలి గుర్తు" అన్నాను. ఆవిడ టోపీని దగ్గరకు తీసుకుని రంధ్రాలు చూసింది. "అమ్మ కోటుకి ఎప్పుడూ ఇలాంటిదే ఒక బ్యాడ్జి ఉండేది. దాంతోనే ఆవిణ్ణి పాతిపెట్టాం. ఎక్కడిదని నేనెప్పుడూ అడగలేదు" అంది. తర్వాత ఆ చుక్కల మీద వేలు పెట్టి, "ఇది పెట్టినాయన మా నాన్నని చూసుంటాడు కదా. నేను చూడలేదు" అని ఏడ్చింది. నాకూ ఆగలేదు.

కాసేపటికి కళ్లు తుడుచుకుని, "ఇవన్నీ నీకెలా తెలుసు?" అని అడిగింది. లీడ్స్‌లోని తెలుగు స్నేహితులందరికీ మా తాతది బట్టల వ్యాపారమని చెప్పి ఉన్నాను. అబద్ధం కాదని నాకు నేను సర్దిచెప్పుకునేవాణ్ణి కూడా. ఆ రోజు మాత్రం, "మా తాత ఊళ్లో బట్టలు ఉతికేవాడు ఆంటీ. ఈ గుర్తులు ఆయనే పెట్టేవాడు" అన్నాను. తాత పోయి అప్పటికి పన్నెండేళ్లు. ఆయన ఏం చేసేవాడో తలెత్తి చెప్పడానికి నాకు అంత కాలం పట్టింది.