పడమటెండకి ఒక బర్చ్

షికాగో పక్కన నేపర్‌విల్‌లో మా ఇంటి వెనక పెద్ద యాష్ చెట్టు ఉండేది. పురుగు పట్టి లోపలంతా తొలిచేస్తే కొట్టించక తప్పలేదు. కొట్టేసిన సాయంత్రమే పడమటెండ వంటింట్లోకి వచ్చి పొయ్యి దాకా పరుచుకుంది. ఆ వసంతంలోనే నా ఉద్యోగం కూడా పోయింది. మా టీమ్ మొత్తాన్నీ తీసేశారు. లాప్‌టాప్ తెరవడం, మూయడం, ఫ్రిజ్ తెరవడం, మూయడం, ఇదే నా పని. మధ్యాహ్నం దాటితే ఎండ నన్ను ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తరిమేది.

"ఒక చెట్టు పెడదాం," అన్నాను మా ఆయనతో.

"కర్టెన్లు ఆర్డర్ చేద్దాంలే. నాకు టెక్సస్‌లో ఆ ప్లేనో జాబ్ ఆఫర్ వస్తే ఇక్కడ ఎవరుంటారు? అది నీడ ఇచ్చేదెప్పుడు, మనం కూర్చునేదెప్పుడు?"

అతనన్నది నిజమే. అందుకే ఒళ్లు మండింది. ఆ శనివారం హైస్కూల్లో ఉన్న మా అమ్మాయిని వెంటబెట్టుకుని నర్సరీకి వెళ్లి, రివర్ బర్చ్ మొక్కని కార్లో ఏటవాలుగా పడుకోబెట్టి తెచ్చాను. ఈ వైపు ఏటి గట్ల మీద దానంతట అదే పెరిగే చెట్టు. ఒకే మొదట్లోంచి మూడు మానులు లేస్తాయి. దాల్చినచెక్క రంగు బెరడు కాగితంలా చుట్టుకుని ఊడిపోతూ ఉంటుంది. ఊడిన చోటల్లా గోటితో గీకి, లోపల పచ్చగా ఉందో లేదో చూసేదాన్ని. రోజూ చూసేదాన్ని.

జులైలో ఆకులు పసుపు రంగుకి తిరిగి రాలడం మొదలైంది. పొద్దున ఒకసారి, కాఫీ తాగాక ఒకసారి, ఎవరైనా ఇంటర్వ్యూలో కాదన్నాక ఒకసారి పైపు పట్టుకుని బయటికి పరిగెత్తేదాన్ని. అయినా రాలాయి.

"అమ్మా, నువ్వు దాన్ని స్ట్రెస్ చేస్తున్నావ్," అంది మా అమ్మాయి.

పక్కింట్లో స్కూల్ టీచరుగా రిటైరైన ఒక అమెరికన్ ఆవిడ ఒంటరిగా ఉంటుంది. నా హడావిడి కంచె అవతలనుంచి కొన్నాళ్లు చూసి, చివరికి గేటు తీసుకుని లోపలికే వచ్చింది. నా చేతిలో పైపు తీసుకుని, నీళ్లు సన్నటి ధారగా తిప్పి మొదట్లో పెట్టింది.

"నువ్వు పై మట్టి తడుపుతున్నావు, అంతే. ఇలా వదిలేసి లోపలికి వెళ్లు. చాలాసేపు పారనీ. మళ్లీ వారం దాకా దాని జోలికి రాకు," అని ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పింది. వేసవిలో దాహమేస్తే బర్చ్ తనే కొన్ని ఆకులు వదిలేసుకుంటుందట.

లోపలికి వెళ్లాను కానీ, కిటికీ దగ్గరే నిలబడ్డాను. వారం ఆగడం ఉద్యోగం వెతకడం కన్నా కష్టమైంది.

ఆకులు పూర్తిగా రాలే కాలానికి ప్లేనో ఆఫర్ వచ్చేసింది. అమ్మాయి స్కూలు అయ్యేదాకా మేమిద్దరం ఇక్కడ, అతనక్కడ అనుకున్నాం. వీలైన వీకెండ్ వచ్చేవాడు. వచ్చినా సూట్‌కేస్ పూర్తిగా విప్పేవాడు కాదు.

మంచు కరుగుతున్న రోజుల్లో, నడిచే దారికి అడ్డొస్తోందని బర్చ్ కింది కొమ్మ ఒకటి కత్తిరించాను. కోసిన చోటునుంచి నీళ్లు కారసాగాయి. చుక్కలు కాదు, ఆగని ధార. వంటింటి గుడ్డ తెచ్చి అదిమిపట్టాను. గుడ్డ తడిసిపోయింది. అప్పుడే మా ఆయన ఫోన్ చేశాడు. స్పీకర్లో పెట్టాను.

"ఇక్కడ ఒక హౌస్ చూశాను. పెద్ద యార్డ్. ఈ వీకెండ్ నువ్వొచ్చి చూస్తావా? ఫ్లైట్ బుక్ చేయనా?"

"చెట్టు కారిపోతోంది."

"ఏంటి?"

"నేను రాను," అన్నాను. అనే దాకా నాకే తెలియదు ఆ మాట నాలో ఉందని.

"ఈ వీకెండా?"

"అసలు రానే రాను. మళ్లీ కొత్త ఊరు, కొత్త ఇల్లు... నా వల్ల కాదు."

"చెట్టు కోసమా?" అన్నాడు. గొంతులో వెటకారం లేదు. నిజంగానే అడిగాడు.

"తెలీదు."

అతను ఫోన్ పెట్టేశాక మా అమ్మాయి బయటికొచ్చి, తన ఫోన్లో వెతికి, "ఇది నార్మల్ అంట అమ్మా. స్ప్రింగ్‌లో బర్చ్ కట్ చేస్తే ఇలాగే అవుతుంది. లీఫ్స్ వచ్చాక ఆగిపోతుంది," అంది. అయినా నేను గుడ్డ తియ్యలేదు. తనూ నా చేతి మీద చెయ్యి వేసి అక్కడే నిలబడింది.

ఆ తర్వాత అతను చాలా వారాలు రాలేదు. ఫోన్లో అమ్మాయితోనే మాట్లాడేవాడు. వేసవి చివర్లో ఒకరోజు, షికాగోలో ఇంటర్వ్యూలు ఇస్తున్నానని ముక్తసరిగా చెప్పాడు. చలికాలం మొదలయ్యేలోపు వచ్చేశాడు. ఇప్పుడు ట్రైన్లో సిటీకి వెళ్తాడు. ఆ పని అతనికి నచ్చలేదు, దాచడు కూడా. నాకూ కాంట్రాక్ట్ పనులే. మా అమ్మాయి కాలేజీకి వెళ్లిపోయింది.

బర్చ్ ఇప్పుడు కప్పు అంచు దాటింది. నీడ ఉంది కానీ పలచన, గాలి వీస్తే ఒకచోట నిలవదు. ప్రతి గాలికీ సన్న పుల్లలు రాలుస్తుంది. మొన్న ఆదివారం మా ఆయన వాటిని ఊడుస్తూ, "ఇంత చెత్త వేసే చెట్టే దొరికిందా నీకు?" అన్నాడు. ఊడ్చినంత మేరా మళ్లీ రాలుతున్నాయి. నేను రెండో చీపురు తెచ్చుకున్నాను.